లాక్కెళ్లిన ట్రాక్టరు, తాకట్టుకెళ్లిన హారం: సివిల్ దావాతో రాబట్టుకునే పద్ధతి

అప్పు తీర్చలేదని ఇంటి ముందున్న ట్రాక్టరును తోలుకుపోతారు. నాలుగు రోజులకని ఇచ్చిన రోటవేటరు ఏడాదైనా తిరిగి రాదు. పెళ్లికి పెట్టుకుంటానని చుట్టాలమ్మాయి తీసుకెళ్లిన హారం తాకట్టు కొట్టులో తేలుతుంది. స్టేషనుకు వెళితే తరచుగా వినిపించే జవాబు ఒక్కటే: "ఇది సివిల్ మేటర్, కోర్టుకెళ్లండి." ఆ మాట విని, ఇక చేసేదేమీ లేదనుకుని చాలామంది ఇంటికి వచ్చేస్తారు. అది పొరపాటు. సొంత వస్తువును రాబట్టుకోవడానికి సివిల్ చట్టంలో స్పష్టమైన దారి ఉంది. కాకపోతే ఆ దారి మొత్తం కాగితాల మీద నడుస్తుంది. మొదటి నెలలో ఏం రాశారు, ఏం పంపారు, ఏం దాచుకున్నారు అన్న దాని మీదే తర్వాతి మూడేళ్ల కేసు నిలబడుతుంది.

పరాయివాడి వస్తువు మీద యజమానిలా పెత్తనం చెలాయించడాన్ని చట్టం భాషలో కన్వర్షన్ అంటారు. తీసుకెళ్లడం, అమ్మడం, తాకట్టు పెట్టడం, విడిభాగాలుగా విప్పేయడం, అడిగినా ఇవ్వననడం అన్నీ ఇందులోకి వస్తాయి. ఇంగ్లండులో దీనికి 1977 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. మనకు అలాంటిది ఒకే చోట లేదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్లు, కాంట్రాక్టు చట్టం, 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం, సివిల్ కోర్టుల విధానం చెప్పే సి.పి.సి., దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం కలిపి చదువుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసింది: వస్తువు వాళ్ల చేతికి ఎలా వెళ్లింది?

దీన్నిబట్టి నోటీసు, కాలపరిమితి, ఎదుటివాళ్ల వాదన అన్నీ మారతాయి. మీకు తెలియకుండానో బలవంతంగానో తీసుకెళితే, తీసుకెళ్లిన క్షణానే తప్పు జరిగిపోయింది. మీరే వాడుకోమని ఇచ్చి ఉంటే అది బెయిల్‌మెంట్. మీరు తిరిగి అడిగి, వాళ్లు ఇవ్వనన్నప్పుడు, లేదా గడువు దాటినప్పుడు తప్పు మొదలవుతుంది. తాకట్టు పెట్టి ఉంటే, బాకీ చెల్లించి విడిపించుకోవడానికి సిద్ధపడాలి. ఉమ్మడి కుటుంబపు ఆస్తి అయితే ఇది మీ దారి కాదు, భాగ పరిష్కారపు దావా వేయాలి. నగదుకు కూడా ఈ పద్ధతి పనికిరాదు. ఫలానా నోటే నాదని పట్టుకుని అడగలేం కాబట్టి అది డబ్బు వసూలు దావా అవుతుంది.

మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది అప్పు కింద లాక్కెళ్లడం. "వీడు నాకు రెండు లక్షలు బాకీ, అందుకే బండి పెట్టుకున్నా" అనడం చట్టంలో చెల్లుబాటయ్యే జవాబు కాదు. తాకట్టు పెట్టనిదే, మామూలు అప్పు ఇచ్చినవాడికి బాకీదారుడి వస్తువును పట్టుకెళ్లే హక్కు లేదు. అద్దె బాకీ ఉందని అద్దెకున్నవాళ్ల ఫ్రిజ్, టీవీ తన గదిలో పెట్టి తాళం వేసుకునే ఇంటి యజమానికీ ఇదే వర్తిస్తుంది. బాకీ రావలసి ఉంటే వాళ్లు దావా వేసుకోవాలి, లేదా మీ దావాలోనే కోర్టు ఫీజు కట్టి కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా) వేసుకోవాలి.

మెకానిక్ సంగతి వేరు. కాంట్రాక్టు చట్టం 170 సెక్షన్ ప్రకారం, వస్తువు మీద తన నైపుణ్యం, శ్రమ పెట్టినవాడు కూలి అందేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. బిల్లు కట్టకుండా రాత్రిపూట షెడ్డులోంచి మీ బండిని మీరే తోలుకొస్తే దొంగతనం కేసు మీ మీదే పడవచ్చు. భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో, రిపేరు బాకీ ఎగ్గొట్టాలని తన గడియారాన్ని తానే ఎత్తుకొచ్చిన యజమాని దొంగే అని రాసి ఉంది.

కొన్నవాడిని వదిలేయకండి

బండి ఇప్పటికే మూడో మనిషి చేతికి వెళితే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. "పాపం, అతను డబ్బిచ్చి కొన్నాడు కదా" అంటారు. సరుకుల అమ్మకపు చట్టం 27 సెక్షన్ దీనికి సూటిగా సమాధానం చెబుతుంది: అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. మంచి ధరకు, ఏమీ తెలియకుండా కొన్నా అంతే. 1875లో ఇంగ్లండు ప్రభువుల సభ తేల్చిన ఒక పత్తి కేసులో, మోసగాడి దగ్గర పత్తి కొని మిల్లుకు అమ్మిన దళారికి మోసం సంగతే తెలియదు. అయినా అసలు యజమానికి పత్తి విలువ కట్టవలసి వచ్చింది. కన్వర్షన్ బాధ్యతకు దురుద్దేశంతో పని లేదనడానికి ఆ తీర్పును ఇప్పటికీ చూపిస్తారు. "సంతలో నలుగురి ముందూ కొన్నాను" అన్నదీ మన దగ్గర చెల్లదు. బహిరంగ మార్కెట్లో కొన్నవాడిని కాపాడే పాత నియమం ఇంగ్లండులోనే ఉండేది, 1995లో అక్కడా పోయింది.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అవి నిజంగానే దెబ్బతీస్తాయి. మీరే అమ్మిపెట్టమని ఏజెంటుకు బండి అప్పగించి ఉంటే, అతను వ్యాపార పద్ధతిలో అమ్మినప్పుడు కొన్నవాడికి రక్షణ ఉంటుంది. మోసంతోనే అయినా అమ్మకానికి మీరే ఒప్పుకుని ఉంటే, ఆ ఒప్పందాన్ని మీరు రద్దు చేసేలోపు ఏమీ తెలియని మూడో వ్యక్తి కొంటే మీ వస్తువు మీకు రాదు. అందుకే బండిని వేరొకరి పేరున మార్చడానికి వాడే ఫారం 29, ఫారం 30 ఖాళీవాటి మీద సంతకాలు పెట్టి ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఈరోజే రవాణా కార్యాలయానికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

దావాలో తీసుకెళ్లినవాడిని, అమ్మిపెట్టినవాడిని, ఇప్పుడు దగ్గర పెట్టుకున్నవాడిని అందరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఒక్కరిని వదిలేసినా, వస్తువు ఆ ఒక్కరి దగ్గరే ఉందని తేలితే, గెలిచిన డిక్రీ (తీర్పును అమలు చేయించే కోర్టు ఉత్తర్వు) వస్తువు దాకా చేరదు.

వస్తువు గుర్తులు

"ఎర్ర ట్రాక్టరు ఒకటి" అని రాస్తే కోర్టు అమీనా (ఉత్తర్వు అమలు చేసే ఉద్యోగి) ఏ ట్రాక్టరును పట్టుకోవాలి? రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, తయారైన సంవత్సరం, తీసుకెళ్లేనాటికి గంటల మీటరు రీడింగు, వెంట ఉన్న టైర్లు, బ్యాటరీ, కల్టివేటరు, ట్రాలీ అన్నీ వేర్వేరుగా రాయాలి. నగ అయితే గ్రాముల్లో బరువు, కేరట్లు, రాళ్ల బరువు విడిగా, హాల్‌మార్కు ఉంటే దాని మీది ఆరు అక్షరాల హెచ్‌.యు.ఐ.డి. కోడు కావాలి. పశువైతే చెవి ట్యాగు మీది 12 అంకెలు, ఫోనైతే ఐ.ఎం.ఇ.ఐ. నంబరు, మోటారైతే సీరియల్ నంబరు.

బిల్లు లేకపోతే కేసు పోయినట్టు కాదు. బీమా పాలసీ, సర్వీసు బుక్కు, పాత ఫోటోలు, తాకట్టు చీటీ, డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు కూడా సాక్ష్యాలే. వాట్సాప్‌లో "వచ్చే వారం తెచ్చిస్తా అన్నా" అని వాళ్లు పెట్టిన మెసేజి బిల్లుకన్నా గట్టిది. ఎందుకంటే వస్తువు మీదని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయకపోతే స్క్రీన్‌షాట్ ప్రింటును కోర్టు పక్కన పెట్టేయవచ్చు.

ఫైనాన్సు మీద కొన్న బండి కాబట్టి దావా వేసే హక్కు లేదేమో అన్న భయం వద్దు. పూర్తి యాజమాన్యం లేకున్నా, ప్రస్తుతం స్వాధీనంలో ఉంచుకునే తాత్కాలిక హక్కు ఉంటే చాలని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7వ సెక్షన్ వివరణే చెబుతోంది. కౌలుకు తీసుకున్న యంత్రానికైనా ఇంతే.

నోటీసు

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. బెయిల్‌మెంట్ కేసుల్లో "అడిగాను, ఇవ్వలేదు" అన్న రెండు ముక్కలే దావాకు పునాది. నోటితో వందసార్లు అడిగినా రుజువుండదు. అమ్మేసినట్టు, ధ్వంసం చేసినట్టు తేలిపోయిన చోట నోటీసు తప్పనిసరి కాదు, అయినా పంపడమే మంచిది. ప్రతివాది ప్రభుత్వ శాఖ అయితే మాత్రం సి.పి.సి. 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి.

లాయరు ద్వారా పంపవచ్చు, మీరే పంపవచ్చు. మాటలు ఇలా ఉంటే సరిపోతుంది:

"దిగువ షెడ్యూలులో వివరించిన ట్రాక్టరు నాది. ఫలానా తేదీన నా అనుమతి లేకుండా మా ఇంటి ముందు నుంచి మీరు దాన్ని తోలుకెళ్లారు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో ట్రాక్టరును, తాళాలను, ఆర్‌.సి.ని మా ఇంటి వద్ద నాకు అప్పగించి రసీదు తీసుకోండి. ఈలోగా దాన్ని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, వాడరాదు, విడిభాగాలు తీయరాదు. అప్పగించకపోతే ట్రాక్టరు కోసం, అది దొరకకుంటే దాని విలువ కోసం, తీసుకెళ్లిన రోజు నుంచి నష్టపరిహారం కోసం కోర్టులో దావా వేస్తాను. ఆ ఖర్చులకు మీరే బాధ్యులు."

ఇందులో రాయకూడనివి మూడు. "అమ్మిన డబ్బయినా ఇవ్వండి" అని రాయకండి, అమ్మకాన్ని మీరు ఒప్పేసుకున్నారని వాదిస్తారు, కొన్నవాడి మీద మీ పట్టు జారిపోతుంది. "మీకు రెండు లక్షలు బాకీ ఉన్నమాట నిజమే" అని సంతకం పెట్టకండి. గడువు ఇంకా మిగిలి ఉన్న అప్పయితే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద మీ సంతకంతో దానికి కొత్తగా గడువు మొదలవుతుంది. "ఇవ్వకపోతే జైల్లో వేయిస్తా" అనే బెదిరింపులూ వద్దు, అవి మీకే ఎదురు తిరుగుతాయి.

రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక, కౌంటరులో రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ అడిగి పంపండి. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు దాచండి. "తలుపు తాళం", "తీసుకోలేదు" అని కవరు తిరిగొస్తే దాన్ని విప్పకుండా అలాగే ఉంచండి, కోర్టులో చూపించవలసింది ఆ మూసిన కవరే. అదే నోటీసు ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పంపితే మరో రుజువు.

మూడేళ్లు, ఎప్పటి నుంచి?

కాలపరిమితి మూడేళ్లే, మొదలయ్యే రోజు మాత్రం మారుతుంది. దొంగతనంగా, మోసంతో లేదా కన్వర్షన్ వల్ల పోయిన వస్తువుకు, అది ఎవరి దగ్గర ఉందో మీకు మొదటిసారి తెలిసిన రోజు నుంచి లెక్క (లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 68, నష్టపరిహారానికి 91). దాచమని ఇచ్చిన, తాకట్టు పెట్టిన వస్తువుకు, మీరు అడిగాక వాళ్లు నిరాకరించిన రోజు నుంచి (ఆర్టికల్ 70). దాచినవాడో తాకట్టు వ్యాపారో ఇంకొకరికి అమ్మేస్తే, ఆ అమ్మకం మీకు తెలిసిన రోజు నుంచి (ఆర్టికల్ 71). అనుమానం ఉన్నచోట అన్నిటికన్నా ముందు తేదీ నుంచే లెక్కేసుకోండి. పోలీసు కేసు నడుస్తోందని, పెద్దమనుషుల్లో పంచాయితీ జరుగుతోందని ఈ గడియారం ఆగదు. మూడేళ్లు అక్కడే గడిపి వచ్చిన కేసులు గుమ్మం దగ్గరే కొట్టుకుపోతాయి.

తాకట్టు బంగారాన్ని సంస్థ నోటీసు లేకుండా వేలం వేస్తే వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. అక్కడి గడువు రెండేళ్లే. కాంట్రాక్టు చట్టం 176 సెక్షన్ ప్రకారం అమ్మే ముందు సహేతుకమైన నోటీసు ఇవ్వడం తప్పనిసరి.

దావాలో ఏం అడగాలి

ఇక్కడ ఒక్క కోరిక మర్చిపోతే తర్వాత దాన్ని విడిగా అడిగే వీలు ఉండదు. సి.పి.సి. ఆర్డర్ 2 రూల్ 2 ఆ తలుపు మూసేస్తుంది. కాబట్టి ఒకే దావాలో: షెడ్యూలు వస్తువును అప్పగించాలి, అప్పగించలేకపోతే దాని విలువ ఇంత చెల్లించాలి, వాడుకోనివ్వకుండా ఆపినందుకు నష్టం, అప్పగించేదాకా రోజుకింత, వడ్డీ, ఖర్చులు, అమ్మకుండా ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్). రెండో కోరిక ప్రత్యేకంగా ముఖ్యం. చరాస్తి డిక్రీలో, వస్తువు దొరకకుంటే కట్టవలసిన సొమ్మును కూడా కోర్టు రాయాలని ఆర్డర్ 20 రూల్ 10 చెబుతోంది. విలువకు సాక్ష్యం ఇవ్వకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది, డిక్రీ సగం పనికిరాకుండా పోతుంది.

విలువ ఏ రోజుది? పాత సూత్రం ప్రకారం కన్వర్షన్ అయితే తప్పు జరిగిన రోజు ధర, అడిగినా ఇవ్వకుండా అట్టిపెట్టుకుంటే తీర్పు రోజు ధర. ప్రభుత్వం దగ్గర ఉండిపోయిన రెండు ట్రక్కుల కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చర్చించింది, తీర్పు 1958 నాటి ఎ.ఐ.ఆర్. తీర్పుల సంపుటిలో ఉంది. బంగారం విషయంలో ఇది చిన్న తేడా కాదు. ఉదాహరణకు 40 గ్రాముల హారం తీసుకెళ్లిన నాడు గ్రాము 6,000 అయితే 2,40,000 వస్తుంది. తీర్పు నాటికి 9,000 అయితే 3,60,000. అందుకే తిరిగి ఇవ్వమని అడిగిన నోటీసు, దావాలో "తీర్పు నాటి మార్కెట్ ధర" అన్న మాట, రెండూ ఉండాలి.

వస్తువును దాచేసి "దాని విలువ అంత లేదు" అనేవాళ్లకు జవాబు 1722 లోనే ఉంది. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాడికి ఒక నగ దొరికింది. చూపిస్తే కంసాలి దుకాణంలో రాయి పీకేసుకుని ఖాళీ బిళ్ల తిరిగిచ్చారు. రాయిని కోర్టుకు తేకపోతే, ఆ బిళ్లలో పట్టే రాళ్లలో అత్యంత మేలైనదని లెక్కకట్టమని న్యాయమూర్తి జ్యూరీకి చెప్పాడు. మన సాక్ష్య చట్టంలోనూ, చేతిలో ఉన్న రుజువును దాచినవాడికి వ్యతిరేకంగా ఊహించే వీలుంది.

వాడకపు నష్టం దగ్గర అత్యాశ పనికిరాదు. ట్రాక్టరు ఏడాదిలో 365 రోజులూ కిరాయికి తిరిగిందంటే ఎవరూ నమ్మరు. దున్నకం రోజులు 110 అని, రోజు కిరాయి 3,000లో డీజిలు, డ్రైవరు ఖర్చు 1,800 తీసేసి 1,200 మిగులుతుందని చూపితే 1,32,000 అవుతుంది. కిరాయికి తోలించుకున్న ఇద్దరు రైతులు సాక్ష్యం చెబితే ఆ అంకె నిలబడుతుంది.

కోర్టు ఫీజు వస్తువు మార్కెట్ విలువ మీద ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీనికి మూలం 1956 నాటి కోర్టు ఫీజుల చట్టమే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవల కమిటీలో అర్జీ ఇవ్వాలి. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టించుకోవచ్చు కూడా, అక్కడి అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

భార్యాభర్తల మధ్య స్త్రీధనం గొడవైతే మామూలు సివిల్ కోర్టు కాదు, ఫ్యామిలీ కోర్టు. ఆ నగలు కోడలివే, ఉమ్మడివి కావు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది: కూతురు అధికారం ఇవ్వకుండా, తండ్రి తన పేరున ఆమె స్త్రీధనం అడగలేడు. కాబట్టి నోటీసు మీద ఆమె సంతకమే ఉండాలి.

దావా వేసిన రోజే

తీర్పు వచ్చేనాటికి ట్రాక్టరు తుక్కు కాకూడదు. ప్లెయింటు (దావా పత్రం)తో పాటే మధ్యంతర అర్జీలు వేయాలి: అమ్మకుండా ఆర్డర్ 39 రూల్ 1 కింద ఇంజంక్షన్, వస్తువును భద్రపరచి తనిఖీ చేయడానికి రూల్ 7, వస్తువును చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వకేట్ కమిషనరు నియామకం. ప్రతివాది ఆస్తులు అమ్ముకుని పారిపోయేలా ఉంటే తీర్పుకు ముందే జప్తుకు ఆర్డర్ 38 రూల్ 5. కమిషనరు వెళ్లినప్పుడు మీరూ వెంట ఉండి ఛాసిస్ నంబరు, గంటల మీటరు, టైర్ల పరిస్థితి ఆయన చేత రాయించండి. అవతలివాళ్లకు వినిపించకుండా ఉత్తర్వు వస్తే, ఆ రోజో మర్నాడో కాగితాలన్నీ వాళ్లకు పంపి అఫిడవిట్ వేయాలి. ఇది మర్చిపోయి ఇంజంక్షన్ పోగొట్టుకోవడం చూస్తుంటాం.

నేరమూ జరిగిందనిపిస్తే పోలీసు ఫిర్యాదు కూడా పెట్టండి, రెండూ పక్కపక్కన నడవవచ్చు. పోలీసులు బండిని పట్టుకుంటే, క్రిమినల్ కేసుల విధానం చెప్పే నాగరిక్ సురక్షా సంహిత కింద మేజిస్ట్రేటును తాత్కాలిక స్వాధీనం అడగవచ్చు. పదిమందిని వేసుకుని వెళ్లి బండిని లాక్కురావడం మాత్రం వద్దు. ఆ రోజు జరిగే గొడవతో న్యాయం మీ వైపున్న కేసు కూడా తలకిందులవుతుంది.

డిక్రీ చేతికొచ్చాక

అమలుకు 12 ఏళ్ల గడువు ఉంది, అయినా నెల కూడా ఆగకండి. ఈ.పీ. (డిక్రీ అమలు అర్జీ) వేస్తే సి.పి.సి. ఆర్డర్ 21 రూల్ 31 కింద అమీనా వస్తువును పట్టి అప్పగిస్తాడు. దొరకకపోతే ఓడిన ప్రతివాది ఆస్తి జప్తు, సివిల్ జైలు అడగవచ్చు. జప్తు మూడు నెలలు దాటినా వస్తువు ఇవ్వకపోతే ఆ ఆస్తిని అమ్మించి, డిక్రీలో రాసిన విలువను అందులోంచి తీసుకోవచ్చు.

వస్తువు అందుకునే రోజు ఒక మెకానిక్కును గానీ, త్రాసుతో కంసాలిని గానీ వెంట తీసుకెళ్లండి. షెడ్యూలు చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. బ్యాటరీ మారినా, హారంలో రెండు గ్రాములు తగ్గినా ఖాళీ రసీదు మీద సంతకం పెట్టకుండా, "ఈ లోపాలతో, అభ్యంతరంతో అందుకున్నాను" అని మీ చేత్తో రాసి, అమీనా సంతకం తీసుకుని, ఆ నకలును ఈ.పీ. ఫైలులో వేయించండి.